వనిల్లా తీగను ఫలింపజేసిన ఎడ్మండ్ ఆల్బియస్

క్రిస్మసు సమీపించినప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పము మొదలగు మన ప్రాంతములందు అనేక గృహములలో కేకు చేయుదురు. వెన్నను చక్కెరతో తెల్లబడువరకు గిలకొట్టి, గ్రుడ్లు ఒక్కొక్కటిగా చేర్చి, మైదాపిండి కలిపి, కొన్ని చుక్కల వనిల్లా వేయుదురు. వెన్న మన సీమ పాలనుండియే వచ్చును. పుంగనూరు పొట్టి ఆవు పాలు చిక్కదనమునకు పేరుపొందినవే గదా. వనిల్లా పరిమళము మాత్రము దూరదేశపు తీగది. ఆ తీగను లోకమంతట ఫలింపజేసినవాడు ఒక బానిస బాలుడు. అతని చరిత్రము విద్యార్థులెల్లరు ఎరుగదగినది.

ఎడ్మండు 1829వ సంవత్సరమున హిందూ మహాసముద్రమందలి బూర్బోన్ ద్వీపములో, సెయింట్ సుజాన్ అను ఊర జన్మించెను. ఆ ద్వీపమునే నేడు రీయూనియన్ అందురు. అది ఫ్రెంచివారిది. తల్లి ప్రసవమందే మరణించెను. బానిస బిడ్డ గనుక అతనికి ఇంటిపేరైనను లేకుండెను. చదువు చెప్పినవారును లేరు. అయినను యజమానుడగు ఫెరెయోల్ బెల్లియే బోమోన్ బాలుని వెంట నిడుకొని తోటలో తిరుగుచు, మొక్కల సంగతులు తెలుపుచుండెను. గుమ్మడి జాతి తీగల మగపువ్వు పుప్పొడిని ఆడుపువ్వునకు తాకించి కాయ పట్టించు విధమును సైతము చూపెను.

వనిల్లా జన్మస్థానము మెక్సికో దేశము. ఇతర దేశములకు గొనిపోయిన తీగలు పూచుచుండెనేగాని కాయకుండెను. ఆ పువ్వులో పుప్పొడికిని కీలాగ్రమునకును నడుమ పలుచని పొర యొకటి అడ్డముండును. పువ్వు ఉదయమున విచ్చి ఆనాడే వాడిపోవును. 1836లో బెల్జియము దేశమున మోరెన్ అను పండితుడు చేతితో కాయ పట్టించెను. కాని ఆ పద్ధతి తోటలవారి కుపయోగపడలేదు.

బోమోన్ తోటలోని తీగ సుమారు 20 సంవత్సరములు గొడ్డుగా నుండెను. 1841లో ఒకనాడు దానికి కాయ కనబడెను. అది తన పనియేనని పండ్రెండేండ్ల ఎడ్మండు చెప్పగా యజమానుడు తొలుత నమ్మలేదు. బాలుడు సన్నని వెదురుపుల్లతో పొరను పైకెత్తి, బొటనవ్రేలితో పుప్పొడిని కీలాగ్రమునకు అదిమి చూపెను. వెంటనే పొరుగు తోటలవారు అతనిని పిలిపించి, తమ పనివారికి ఆ నేర్పు చెప్పించుకొనిరి. ద్వీపమున వనిల్లా సాగు వృద్ధిపొంది, మడగాస్కరు మొదలగు చోట్లకు వ్యాపించెను. నేటికిని తోటలలో పువ్వు పువ్వునకు ఈ పని చేతితోనే జరుగుచున్నది. అంగళ్లలో దొరకు ఎసెన్సు అధికభాగము రసాయనశాలలలో చేయబడినదైనను, అది అనుకరించునది ఈ కాయ పరిమళమునే.

ఇతరులు ధనవంతులైరి, ఎడ్మండు కాలేదు. 1848లో బానిసత్వము రద్దుకాగా ఆల్బియస్ అను ఇంటిపేరు లభించెను, ప్రతిఫలము లభింపలేదు. పట్టణమున వంటయింటి పనికి కుదిరి, దొంగతన నేరమున చెరసాల పాలయ్యెను. పూర్వపు యజమానుడు అతని మేలును జ్ఞాపకము చేసి ప్రభుత్వమునకు మనవి చేయగా గడువునకు ముందే విడుదల పొందెను. మరియు రిషార్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆ విద్యను మొదట చూపినవాడు తానేయని వాదింపగా, అది బాలుని స్వంత కల్పనయేనని బోమోన్ సాక్ష్యము వ్రాసి నిలిపెను. ఎడ్మండు 1880లో కడు పేదరికమున మృతినొందెను. నేడు సెయింట్ సుజాన్ నందు అతని విగ్రహము కలదు.

విద్యార్థులారా, చదువులేని బాలుడైనను, తోటలో చూచిన యొక సంగతిని మరియొక పువ్వునకు అన్వయించి, పండితుల ప్రయత్నము నందించని మేలును లోకమునకు ఒనగూర్చెను. అతని పేరు మనకు దక్కుటకు ఒక మనుష్యుని సత్యవాక్యము కారణమయ్యెను. పరుల శ్రమవలన మేలు పొందినవారు ఆ పరుల పేరు చెప్పుట న్యాయము.