వృద్ధులను మంచం మీద నుంచి లేపిన డాక్టర్ మార్జొరీ వారెన్

పక్షవాతం వచ్చిన వారిని, తుంటి విరిగిన వారిని చూసి మంచం పట్టారు, ఇక అంతే అనుకోవటం మనకు అలవాటు. ఆ అలవాటు తప్పని రుజువు చేసిన వైద్యురాలు డాక్టర్ మార్జొరీ వారెన్. వృద్ధుల వైద్యశాస్త్రానికి ఆమెను తల్లిగా చెబుతారు. పింఛనుదారులమైన మనం ఆమె జీవితాన్ని తెలుసుకోవటం ఎంతైనా అవసరం.

ఆమె 1897 అక్టోబరు 28వ తేదీన లండనులో జన్మించారు. అయిదుగురు ఆడపిల్లలలో ఆమే పెద్ద. ఆడవారు డాక్టరు చదువు చదవటం అరుదైన ఆ రోజులలో స్త్రీల వైద్య కళాశాలలో చదివి, 1923లో పట్టా పుచ్చుకున్నారు. 1926లో వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరారు. మొదట ఆమెకు శస్త్రచికిత్స పైనే ఎక్కువ మక్కువ.

1935లో ఆమె జీవితం మలుపు తిరిగింది. ఆసుపత్రి పక్కనే బీదల కోసం ప్రభుత్వం నడిపే పాత ఆశ్రమం ఒకటి ఉండేది. దానిని ఆసుపత్రిలో కలిపి, అందులోని 714 మంది రోగులను ఆమెకు అప్పగించారు. వారిలో అధిక సంఖ్యాకులు వృద్ధులు. ఏళ్ళ తరబడి మంచాల మీదే ఉన్నవారు. జబ్బు ఏమిటో తేల్చినవారు లేరు. మతి చలించినవారు, నడవగలిగినవారు, నడవలేనివారు అందరూ ఒకే చోట. చాలామందికి కాళ్ళు చేతులు బిగుసుకుపోయాయి. అది రోగం వలన కాదు, కదలకుండా పడుకోబెట్టడం వలన.

ఆమె ఒక్కొక్కరినీ స్వయంగా పరీక్షించారు. రోగం నిర్ణయించి, వారిని తరగతులుగా విభజించారు. వయసు ఒక జబ్బు కాదని, ప్రతి వృద్ధునికీ రోగ నిర్ణయం, చికిత్స రెండూ దక్కాలని పట్టుబట్టారు. డాక్టరు, నర్సు, వ్యాయామ చికిత్స చేసేవారు, సంఘ సేవకులు ఒక జట్టుగా పనిచేసే పద్ధతి తెచ్చారు. చీకటి గోడలకు లేతరంగు వేయించారు. పట్టుకుని నడవటానికి గోడల వెంట కమ్మీలు పెట్టించారు. బరువైన దుప్పట్లు తీయించి తేలికైనవి ఇప్పించారు. పక్షవాతం వచ్చినవారిని త్వరగా కూర్చోబెట్టి, నిలబెట్టి, బట్టలు తామే కట్టుకోవటం, అన్నం తామే తినటం మళ్ళీ నేర్పించారు.

ఫలితం చూసి తోటి డాక్టర్లు ఆశ్చర్యపోయారు. ఎంతోమంది లేచి తమ ఇళ్ళకు, లేదా వృద్ధుల వసతి గృహాలకు వెళ్ళిపోయారు. 714 పడకలు అవసరమైన చోట సుమారు 240 సరిపోయాయి. 1943లోను, 1946లోను ఆమె ఈ అనుభవాలను పేరున్న వైద్య పత్రికలలో ప్రచురించారు. 1947లో వృద్ధుల వైద్యానికి ఏర్పడిన సంఘానికి ఆమె స్థాపక సభ్యురాలు. 1948లో ఆ దేశంలో ప్రజలందరికీ ఉచిత వైద్యం మొదలైనప్పుడు ఈ శాఖకు ప్రత్యేక గుర్తింపు లభించింది. 1960 సెప్టెంబరులో ఒక సదస్సుకు కారులో వెళుతూ ఫ్రాన్సులో ప్రమాదానికి గురై ఆమె కన్నుమూశారు.

ఆమె వేసిన బాట ఆగిపోలేదు. నేడు ఇంగ్లండులో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వృద్ధునికి ఆరు వారాల వరకు ఉచితంగా ఇంటి వద్దే శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉన్నది. పనులు చేసి పెట్టడం కాదు, వారి పనులు వారు చేసుకునేలా తీర్చటం దాని ఉద్దేశం.

ఇది మనకెందుకు అంటారా? మా మూలపేటలోను, ఉద్దానం ఊళ్ళన్నిటిలోను పిల్లలు పొట్ట చేత పట్టుకుని హైదరాబాదు, ముంబయి, గల్ఫు దేశాలకు పోయారు. ఇళ్ళలో ముసలివాళ్ళమే మిగిలాము. మా ఇంటావిడకు పక్షవాతం వచ్చినప్పుడు ప్రేమకొద్దీ నలభై రోజులు నులక మంచం దిగనివ్వలేదు. అన్నం నేనే కలిపి తినిపించాను. తర్వాత టెక్కలి నుంచి వచ్చిన ఫిజియోథెరపీ కుర్రవాడు ఆమె భుజం పట్టుకుని చూసి, అది బిగుసుకుపోయిందని చెప్పాడు. తప్పు నాదేనని అప్పుడు తెలిసింది. రెండు నెలలు రోజూ అభ్యాసం చేయించాడు. పెరటి గోడకు వెల్డింగు షాపులో చేయించిన ఇనుప పైపు బిగించాము. నులక మంచం తీసి గట్టి చెక్క మంచం వేశాము. ఇప్పుడామె పైపు పట్టుకుని స్నానాల గది దాకా తానే వెళుతుంది. భుజం మాత్రం పూర్తిగా లేవదు. ఆ నలభై రోజులు మళ్ళీ రావు కదా!

కనుక సోదర పింఛనుదారులారా, మన ఇళ్ళలో ఎవరైనా మంచాన పడితే, డాక్టరు సరే అన్న రోజునే లేపి కూర్చోబెట్టండి. చేయగల పని వారి చేతనే చేయించండి. మూలన పడి ఉన్న 714 మందిని పరాయివారని చూడక, ఒక్కొక్కరినీ చేయి పట్టి లేపిన ఆ మహనీయురాలికి మనం అర్పించగల నివాళి అదే.