నులిపురుగుల శాస్త్రానికి ఆద్యుడు – నేథన్ కాబ్

మన వేంపల్లె, పులివెందుల ప్రాంతాలలో చీనీ, అరటి తోటలు పెంచే రైతులకు నులిపురుగుల బెడద తెలియనిది కాదు. కంటికి ఆనని ఆ జీవులు వేళ్లను ఆశ్రయించి చెట్టును క్రమంగా క్షీణింపజేస్తాయి. వాటి సజాతీయులు సముద్రగర్భంలోనూ ఉన్నాయి. ఈ రెండింటినీ జీవితాంతం పరిశీలించిన మహనీయుడు నేథన్ అగస్టస్ కాబ్.

ఆయన 1859 జూన్ 30వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్పెన్సర్‌లో జన్మించారు. 1881లో పట్టభద్రులై కొన్నేండ్లు ఉపాధ్యాయ వృత్తిలో గడిపారు. పిదప జర్మనీ వెళ్లి, యేనా విశ్వవిద్యాలయంలో ప్రఖ్యాత జీవశాస్త్రజ్ఞుడు హెకెల్‌కు శిష్యులై, నులిపురుగుల శరీర నిర్మాణంపై వ్రాసిన సిద్ధాంత వ్యాసానికి 1888లో డాక్టరేటు పొందారు. అనంతరం ఇటలీలోని నేపుల్స్ సముద్రజీవ పరిశోధనాలయంలో పనిచేశారు. ఇతర ప్రాణుల దేహాలను ఆశ్రయించక, సముద్రపు ఇసుకలో, బురదలో స్వేచ్ఛగా జీవించే నులిపురుగులు నాటినుండి ఆయన మనస్సును ఆకర్షించాయి.

కాని ఆ విద్య కూడు పెట్టలేదు. ఆస్ట్రేలియాలో గోధుమ, హవాయి దీవులలో చెరకు, 1907 నుండి అమెరికా వ్యవసాయ శాఖలో ప్రత్తి మొదలైన పైరులకు సంబంధించిన ఉద్యోగాలే ఆయనకు జీవనాధారమైనాయి. అయినను సూక్ష్మదర్శినిని విడువలేదు. షాకిల్టన్ నాయకత్వాన 1907–09లో సాగిన దక్షిణ ధ్రువ యాత్రలో సేకరించిన సముద్రపు నులిపురుగులను వర్ణించి 1914లో ప్రకటించారు.

సముద్రజీవుల పరిశీలనలో సానబట్టిన ఆ దృష్టియే పైరుల శత్రువులనూ పోల్చుకున్నది. ఫిజీ దీవుల అరటి వేళ్లను తొలిచే నులిపురుగును 1893లోను, నిమ్మజాతి చెట్ల వేళ్లను పీడించే నులిపురుగును 1913లోను వర్ణించి నామకరణం చేసినది కాబ్‌గారే. మన చీనీ తోటలకు హాని చేసేవాటిలో ఈ రెండవది ఒకటి. నులిపురుగుల అధ్యయనానికి నెమటాలజీ అని పేరిడి, దానిని ప్రత్యేక శాస్త్రంగా నిలిపినదీ ఆయనే. 1932 జూన్ 4వ తేదీన ఆయన దివంగతులైనారు.

తరువాతి పరిశోధకులు మరింత లోతులకు వలలు, గొట్టాలు దింపారు. పదివేల మీటర్లకు మించిన అగాధంలో, సూర్యకాంతి ఎన్నడూ సోకని బురదలో సైతం నులిపురుగులు కనిపించాయి. అక్కడి బహుకణ జీవులలో సంఖ్యాబలం వీటిదే. వీటిలో అధికభాగం మిల్లీమీటరు పొడవైనా ఉండదు.

సముద్రపు బురదలోని పురుగును చూచినందువల్ల రైతుకేమి లాభమని ఆనాడు ఎవరైనా అడిగియుండవచ్చు. దానికి సమాధానం నేడు మన తోటలలోనే ఉన్నది. విద్యార్థులు తమ పాఠ్యాంశాలలో దేనినైనా నిరుపయోగమని త్రోసివేయబోయే ముందు కాబ్ జీవితాన్ని ఒక్కమారు స్మరింతురు గాక!