హద్దు దాటాక కట్టుకున్న బడి

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ‘అంకుల్ టామ్స్ కేబిన్’ తరచూ కనబడుతుంది. 1852లో వెలువడిన ఆ నవలకు ప్రేరణనిచ్చిన వారిలో ఒకడైన జోసయా హెన్సన్ పేరు మాత్రం నా విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. ఆ పుస్తకాల వరుసలు దాటి నాంపల్లి స్టేషన్ వైపు నడిచినప్పుడల్లా నాకు ఆయనతో పాటు మా తాత గుర్తొస్తాడు. 1940లలో దొర గడీలో వెట్టి చేయలేక, మా పెద్ద మేనత్తను భుజాన వేసుకుని, నాయనమ్మతో కలిసి రాత్రికి రాత్రి ఊరు విడిచి ఆయన దిగింది ఆ స్టేషన్‌లోనే.

హెన్సన్ 1789లో అమెరికాలోని మేరీలాండ్‌లో బానిసగా పుట్టాడు. తల్లిపై చేయి వేసిన ఓవర్సియర్‌ను కొట్టినందుకు తండ్రికి నూరు కొరడా దెబ్బలు పడ్డాయి. ఒక చెవి కోశారు. ఆ తర్వాత దూరప్రాంతానికి అమ్మేశారు. కొన్నాళ్లకు జరిగిన వేలంలో తల్లీపిల్లలు చెల్లాచెదురయ్యారు. జబ్బుపడి పనికిరాకుండా పోయిన పిల్లవాణ్ణి చివరకు తల్లిని కొన్న యజమానే కొన్నాడు. ఆ పిల్లవాడు పెరిగి అదే యజమాని పొలానికి నమ్మకమైన పెత్తనదారు అయ్యాడు.

1825లో అప్పుల్లో మునిగిన యజమాని, తన 18 మంది బానిసలను కెంటకీలోని సోదరుడి దగ్గరకు చేర్చే పనిని హెన్సన్‌కు అప్పగించాడు. దారిలో సిన్సినాటి వచ్చింది. బానిసత్వం లేని ఒహైయో రాష్ట్రపు నగరమది. అక్కడే ఉండిపొమ్మని స్థానిక నల్లజాతి ప్రజలు బతిమాలారు. ఇచ్చిన మాట తప్పకూడదని హెన్సన్ అందరినీ కెంటకీకి నడిపించాడు. ఆ నిర్ణయానికి తర్వాత జీవితాంతం కుమిలిపోయాడు. ఈ ఘట్టం చెప్పినప్పుడు నా తరగతిలో కొందరికి కోపం వస్తుంది. తొందరపడి తీర్పు చెప్పవద్దంటాను. దాసుడి మాటకు ధర్మాన్ని అంటగట్టిన వ్యవస్థే యజమాని మాటకు ఏ ధర్మాన్నీ అంటగట్టలేదు. హెన్సన్ తన విముక్తికి 450 డాలర్ల ధర కుదుర్చుకుంటే, యజమాని దాన్ని మోసంతో వెయ్యి చేశాడు. తర్వాత న్యూ ఆర్లియన్స్‌లో అమ్మేయడానికి సైతం తీసుకెళ్లారు.

అప్పుడు తెగింపు వచ్చింది. 1830లో భార్య షార్లెట్‌ను, నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని, చిన్నవాళ్లిద్దరినీ వీపు సంచిలో మోస్తూ ఉత్తరానికి నడిచాడు. అక్టోబరు 28న బ్రిటిష్ పాలనలోని ఎగువ కెనడా, అంటే నేటి ఒంటారియో నేల మీద అడుగుపెట్టాడు. చదువు లేని ఆయనకు అక్షరాలు దిద్దించింది బడికి వెళ్లిన కొడుకే.

తాను తప్పించుకోవడంతో ఆయన పని పూర్తయిందనుకోలేదు. పారిపోయి వచ్చినవారు కూలీలుగా మిగిలితే కొత్త దొరలు పుడతారని గ్రహించాడు. 1841లో ఆయనా, సహచరులూ డ్రెస్డెన్ దగ్గర 200 ఎకరాలు కొన్నారు. 1842లో అక్కడ బడి తెరిచారు. దాని చుట్టూ రంపపు మిల్లు, పిండిమర, పొలాలు వెలిశాయి. దాదాపు 500 మందితో ఆ ఊరు ‘డాన్’ అనే పేరుతో నిలిచింది. అక్కడి నల్ల వాల్‌నట్ పలకలను హెన్సన్ 1851లో లండన్ మహాప్రదర్శనలో ఉంచాడు. అయితే అప్పులూ, నిర్వహణ తగాదాలూ ముదిరి 1868లో ఆ బడి మూతపడింది. 1883లో ఆయన డ్రెస్డెన్‌లోనే కన్నుమూశాడు.

హద్దు దాటితే కథ ముగుస్తుందా? కెనడాలోనే 1850 నాటి చట్టం నల్ల పిల్లలకు వేరు బడులకు దారి తీసింది. 1949లో డ్రెస్డెన్‌లో వివక్షను నిషేధించాలా అని ఓటింగు పెడితే 108 మంది అవునన్నారు, 517 మంది కాదన్నారు. హెన్సన్ సమాధి ఉన్న ఊళ్లో ఆయన వారసులకు హోటల్లో భోజనం దొరకలేదు. మన రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన వారికి ఇది కొత్త సంగతి కాదు.

కులమూ, బానిసత్వమూ ఒకటే కావు. అయినా వాటిని పక్కపక్కన పెట్టి చూడడం మనకు ఫూలే నేర్పాడు. 1873లో ‘గులాంగిరి’ని ఆయన బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఇదే హైదరాబాద్‌లో 1906లో జగన్ మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ కూడా మొదట పట్టించుకున్నది బడినే. అంటరాని పిల్లల కోసం ఆయన పాఠశాలలు నడిపాడు. హెన్సన్ పేరు ఆయన విన్నాడో లేదో గానీ ఇద్దరూ ఒకే చోటికి చేరుకున్నారు.

మా తాత నగరానికి వచ్చి మూటలు మోశాడు, నాన్నను బడిలో వేశాడు. నేను ఆచార్యుణ్ణయ్యాను. అయినా ఇదే నగరంలో ఇల్లు అద్దెకు అడిగితే ఒకాయన ముందుగా నా ఇంటిపేరు అడిగాడు. ఊరు దాటడం వేరు, కులం దాటడం వేరు. కాబట్టి ఎవరో దయతో ఇచ్చిన చోటు సరిపోదు. మన చేతిలో భూమి ఉండాలి, బడి ఉండాలి, వాటి లెక్కలూ నిర్వహణా మనవే కావాలి. డాన్ పతనం ఈ చివరి మాటను మరీ గట్టిగా చెబుతోంది. హాస్టళ్లలో చదువుకునే నా విద్యార్థులు హెన్సన్‌ను వీరుడిగా పూజించనక్కరలేదు. ఆయన ఎక్కడ గెలిచాడో, ఎక్కడ ఓడాడో తెలుసుకుంటే చాలు.