డోర్నకల్ అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి సీమలో జన్మించిరి. మాతృభాష తమిళము. 1895 నుండి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశ మంతయు తిరిగిరి. పరదేశపు ధనముపై ఆధారపడు క్రైస్తవసంఘము స్వశక్తితో నిలువజాలదని యెంచి, 1903లో మిత్రులతో గూడి తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘమును స్థాపించిరి. ఇతరులను పంపి తాము పట్టణమున నుండుట న్యాయముగా తోపక, 1909లో గురుపట్టము పొంది నిజాం రాజ్యములోని డోర్నకల్ చేరిరి. ముప్పది దాటిన వయసున తెలుగు నేర్చుట! ఆ శ్రమ భాషోపాధ్యాయు లెరుగనిది కాదు.

1910లో ఎడింబరో మహాసభయందు, దొరలు త్యాగముతోపాటు సమానమైన స్నేహమును గూడ నొసగవలెనని నిర్భయముగా కోరిరి. కోరినది స్వల్పమే, అయినను సభలో కొందరికి రుచింపలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు ప్రథమ భారతీయ బిషప్పుగా అభిషిక్తులైరి. పిదప ఎద్దుబండిపై, ఊరికి వెలియైన పేటలకే పయనములు సాగినవి. హిందూ దేవాలయ స్తంభములును మసీదు గుమ్మటములును కలిసిన డోర్నకల్ మహాదేవాలయము 1939లో ప్రతిష్ఠితమైనది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూసిరి.