వీరేశలింగము పంతులుగారి జీవితము - బాల్యవివాహ సమస్య

కందుకూరి వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహములు చేయించినవారని ఆంధ్రులకు చెప్పనక్కఱలేదు. ఇతర భారతీయ భాషల పండితులు సయితము విద్యాసాగరునితో పోల్చి వారిని గుర్తింతురు. అయితే ఆ వితంతువుల వయస్సెంత యని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నతో వారి చరిత్రమును మఱల పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించగా పెదతండ్రి వేంకటరత్నముగారు పెంచిరి. 1861లో, పదుమూడవ యేట, వారికి వివాహమయ్యెను. వధువు బాపమ్మ ఇంకను పసిబాలిక. అత్తవారింట ఆమె పేరు మార్చి రాజ్యలక్ష్మి యనిరి. పెండ్లికి గాని పేరునకు గాని ఆమె సమ్మతి నడుగవలెనని ఆనాడు పెద్దలకు తోచలేదు. పదుమూడేండ్ల వరునికి మాత్రమెట్లు తోచును?

1874లో వారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల నెలకొల్పిరి. వివేకవర్ధనిని ప్రారంభించినదియు ఆ యేటనే. పెద్దయ్యగారి పెండ్లి యను పేర ప్రసిద్ధమైన బ్రాహ్మవివాహ ప్రహసనములో, ముసలివానికి పసిపిల్లను కట్టబెట్టు కన్యాశుల్క వ్యాపారమును పరిహసించిరి. అది ప్రహసన కల్పన మాత్రమే కాదు. విజయనగర మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహములకు పట్టిక తయారు చేయించగా 1,034 లెక్కకు వచ్చెను. అందు అయిదేండ్ల వధువులు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది శిశువులు ముగ్గురు! గురజాడవారు తమ కన్యాశుల్కము పీఠికలో ఈ లెక్కను పొందుపఱచిరి.

వరుడు వృద్ధుడు, వధువు శిశువు అయినపుడు వైధవ్యము ఆకస్మికము కాదు, ఇంచుమించు నిశ్చితము. కాపురమునకు పోకున్నను మంగళసూత్రము పడినచో వివాహము పూర్తియైనట్లే. 1856 నాటి చట్టము పునర్వివాహమునకు అనుమతినిచ్చెనే కాని, ఆ బాలికకు తోడు నిలుచువారిని ఈయలేదు.

1879లో పంతులుగారు వితంతు వివాహముపై బహిరంగోపన్యాసమిచ్చిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల వివాహము జరిగెను. వంటవారు రాలేదు, నీరు మోయువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీరు తెచ్చి వంట చేసిరి. విద్యార్థులు ఇంటికి కాపలా కాచిరి. తరువాత బహిష్కారము తప్పలేదు.

గౌరమ్మకు అప్పటికి సుమారు పండ్రెండేండ్లు. మొదటి పెండ్లి బాల్యమున, వైధవ్యము బాల్యమున, రెండవ పెండ్లియు బాల్యముననే! మన చరిత్రకారులు ఈ సంగతిని త్వరత్వరగా దాటిపోవుదురు. పంతులుగారు బాల్యవివాహమును ఖండించుచు వ్రాయనివారు కారు. కాని ఆ దినములలో బాలవితంతువును ఈడు వచ్చువఱకు ఆపుట యనగా, బంధువుల కప్పగించుటయే యగును. అందువలన ఉన్న రోగమునకు చేతికందిన మందు వేసిరని నా యభిప్రాయము. ఇది వారిని తక్కువ చేయుట కాదు; ఆమె పక్షమున నుండి చూచుట.

ఇచట భిలాయిలో ఉక్కు కర్మాగారము వెంట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. ఛత్తీస్‌గఢ్ వాసులు అక్షయ తృతీయను అక్తి యందురు. ఆనాడు పిల్లలు మట్టిబొమ్మలకు పెండ్లి చేయుదురు. మన బొమ్మల పెండ్లియే అది. ఆ ముహూర్తముననే పసివారికి నిజమైన పెండ్లిండ్లు జరుగకుండ అధికారులు నిఘా ఉంచవలసి వచ్చుచున్నదని ఇక్కడకు వచ్చిన పిదప తెలిసికొంటిని. బొమ్మకును బాలికకును భేదము గుర్తింపజేయుటకే పంతులుగారు అంత శ్రమపడిరి గదా!

తదనంతరము వారు సుమారు నలువది వితంతు వివాహములు జరిపించిరి. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంధ్రపండితులుగ పనిచేసిరి. హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తిని దానికి అర్పించిరి. సంతానము లేదు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు మరణించిరి. పంతులుగారు 1919 మే 27న మదరాసులో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యింట కన్నుమూసిరి. బాలికకు కనీస వివాహవయస్సు పదునాలుగేండ్లని నిర్ణయించిన శారదా చట్టము 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుండి అమలయ్యెను. ఆ లెక్కకు గౌరమ్మ రెండవ పెండ్లినాటికిని రెండేండ్లు తక్కువ.