బొమ్మల డాక్టరు తెజుకా

కాలేజీలో ఏ చెట్టు కింద నలుగురు చేరినా ఈమధ్య జపాన్ బొమ్మల సినిమాల ముచ్చటే. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చాక ఈ పిచ్చి మరీ ముదిరింది. ఒకటి చూడటం, అలాంటిదే ఇంకోటి ఉంటే చెప్పమని పక్కవాణ్ణి పీడించడం. చెప్పేవాడు కూడా తనకు తెలిసిన నాలుగు కొత్త పేర్లు చెప్పి ఊరుకుంటాడు. ఈ కథలకీ ఈ పాత్రలకీ చాలావరకు మూలపురుషుడైన ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన పోయి మూడున్నర దశాబ్దాలు దాటింది. పేరు ఒసాము తెజుకా. చదివింది వైద్యం, గీసింది బొమ్మలు.

తెజుకా 1928 నవంబరు 3న ఒసాకా దగ్గరి తొయొనాకాలో పుట్టి, తకరాజుకా ఊళ్ళో పెరిగాడు. ఆడవాళ్ళే మగవేషాలు కూడా కట్టే నాటక సమాజానికి ఆ ఊరు ప్రసిద్ధి. తల్లి వెంట ఆ నాటకాలకు వెళ్ళేవాడు. తండ్రి దగ్గర ఇంట్లోనే చిన్న ప్రొజెక్టరు ఉండేది. డిస్నీ బొమ్మల రీళ్ళు గోడమీద ఆడేవి. బడిలో మాత్రం కళ్ళజోడు, చింపిరిజుట్టు, బక్కపలచని ఒళ్ళు చూసి తోటిపిల్లలు ఏడిపించేవారు. బొమ్మలు గీసి చూపించడం మొదలుపెట్టాక ఆ ఏడిపించినవాళ్ళే చుట్టూ మూగారు. పురుగుల్ని పట్టి పెట్టెల్లో దాచడం మరో సరదా. ఒసాముషి అనేది ఒక జాతి పురుగు పేరు. తన పేరూ దాని పేరూ దగ్గరగా ఉన్నాయని, పేరు చివర పురుగు అని అర్థమిచ్చే అక్షరం తగిలించుకున్నాడు. కలంపేరు అదే అయింది.

యుద్ధం వచ్చింది. చదువుకోవలసిన వయసులో కుర్రవాళ్ళను ఫ్యాక్టరీలకు తోలారు. 1945 జూన్‌లో ఒసాకా మీద బాంబులు కురిసిననాడు తెజుకా ఫ్యాక్టరీ కావలి మంచె మీద ఉన్నాడు. కిందికి దిగి చూస్తే శవాలు, కాలిన ఇళ్ళు. తర్వాత ఆయన రాసిన ప్రతి కథలోనూ ఎక్కడో ఒకచోట ఆ రోజు కనిపిస్తుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో, సగం ఖాళీగా ఉన్న హాలులో ఆయన మొమొతారో అనే బొమ్మల సినిమా చూశాడు. నిజానికది నౌకాదళం తీయించిన ప్రచారచిత్రం. అయినా పిల్లల కోసం ఎవరో అంత కష్టపడి బొమ్మల్ని కదిలించారన్న సంగతికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఎప్పటికైనా ఇలాంటిది తీయాలని అనుకున్నది అక్కడే.

ఆ ఏడే ఒసాకా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేరాడు. మరుసటి ఏడాది పిల్లల పత్రికలో తొలి బొమ్మల కథ పడింది. 1947లో వచ్చిన కొత్త నిధి దీవి పుస్తకం నాలుగు లక్షల ప్రతులు పోయిందంటారు. సినిమాలో కెమెరా కదిలినట్టు గడులు కదిలేలా గీయడం కుర్రకారుకు మత్తెక్కించింది. ఇక మెడికల్ క్లాసులో పాఠం వింటూ నోటుబుక్కు అంచున బొమ్మలు! ఇలాంటివాళ్ళు మన క్లాసులోనూ ఉన్నారు, పేర్లెందుకు? డాక్టరా, బొమ్మలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు తల్లి అతనికి నిజంగా ఇష్టమైన దారిన పొమ్మంది. ర్యాంకుల చుట్టూ తిరిగే మన ఇళ్ళల్లో ఎంతమంది తల్లులు ఆ మాట అనగలరో ఎవరి గుండెమీద వాళ్ళు చేయి వేసుకుని చెప్పుకోవాలి. అలాగని అతను చదువు వదిలెయ్యలేదు. 1952లో వైద్యుల పరీక్ష ప్యాసయ్యాడు. 1961లో నత్తల బీజకణాల మీద పరిశోధన చేసి నారాలో డాక్టరేట్ కూడా తీసుకున్నాడు. రోగుల్ని చూడటం ఒక్కటే చెయ్యలేదు.

ఆ రోజుల్లో బొమ్మల కథలంటే పిల్లల్ని చెడగొట్టే చెత్త అనే పెద్దలు జపాన్‌లోనూ బోలెడుమంది. 1955 ప్రాంతంలో తల్లిదండ్రుల సంఘాలు ఉద్యమమే నడిపాయి. తెజుకా పుస్తకాలనూ వదల్లేదు.

ఆయన కథల్లో జగమెరిగినది అణుబాలుడు ఆటమ్, ఇంగ్లీషులో ఆస్ట్రోబాయ్. 1952లో మొదలైంది. కొడుకు కారు ప్రమాదంలో పోతే తెన్మా అనే శాస్త్రవేత్త అదే రూపంలో యంత్రబాలుణ్ణి చేస్తాడు. ఏళ్ళు గడిచినా వాడు ఎదగడం లేదని గ్రహించి సర్కసుకు అమ్మేస్తాడు! పుత్రశోకంతో పోయిన దశరథుణ్ణి ఎరిగిన మనకు, పుత్రశోకం ఇంత క్రూరంగా కూడా మారుతుందని చూపిన కథ ఇది.

1963 జనవరి 1న అది టెలివిజనుకు ఎక్కింది. వారం వారం అరగంట చొప్పున జపాన్‌లో వచ్చిన తొలి బొమ్మల సీరియల్ అదే. మొత్తం 193 భాగాలు. నూటికి నలభై ఇళ్ళు చూసిన రోజులున్నాయి. వారానికి అరగంట బొమ్మలు గీయడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. అందుకని తెజుకా కిటుకులు కనిపెట్టాడు. సెకనుకు ఎనిమిది బొమ్మలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ; నోరు కదిలితే చాలు, ముఖం కదలక్కర్లేదు; ఎగిరే దృశ్యం ఒకసారి గీసి దాచుకుని పదిసార్లు వాడటం. పైగా టీవీవాళ్ళకు తయారీ ఖర్చుకన్నా తక్కువకే అమ్మాడు. బొమ్మల సరుకుల లైసెన్సులతో లోటు పూడుతుందని లెక్క. లెక్క కొంతకాలం కుదిరింది. కానీ ఆ చౌకధరే తర్వాతివాళ్ళ మెడకు చుట్టుకుంది. గీసేవాళ్ళ జీతాలు నేటికీ తక్కువగా ఉండటానికి నాంది అక్కడేనని చాలామంది అంటారు. తెజుకా పోయిన ఏడాదే మియజాకి ఆయన్ని ఈ విషయంలో ఘాటుగా విమర్శించాడు. ఆయన లేకపోతే పరిశ్రమే ఉండేది కాదన్నది నిజమే. ఎవరి చెమట మీద అది నిలబడిందన్న ప్రశ్నా నిజమే. అభిమానులం కదా అని రెండోది దాచడం నాకు ఇష్టం లేదు.

ఆయనకో అలవాటు. తాను సృష్టించిన మనుషుల్ని నటుల్లాగా వాడుకునేవాడు. ఒక కథలో నాయకుడైన రాక్ ఇంకో కథలో పరమ దుర్మార్గుడు. మీసాల ముసలాయన హిగెఒయాజి ఒకచోట డిటెక్టివు, మరోచోట బడిపంతులు. మనకు ఎస్.వి. రంగారావు పాతాళభైరవిలో మాంత్రికుడు, మాయాబజారులో ఘటోత్కచుడు, నర్తనశాలలో కీచకుడు అయినట్టే. కాబట్టి తెజుకా విషయంలో అలాంటి పాత్ర ఇంకెక్కడుంది అని వెతకనక్కర్లేదు, వాళ్ళే ఎదురొస్తారు.

మరి దేనికేది? డీమన్ స్లేయర్ నచ్చినవాళ్ళు దొరోరో చూడాలి. రాజ్యం కోసం తండ్రి కడుపులో బిడ్డ అవయవాలను రాక్షసులకు ధారపోస్తే, ఆ బిడ్డ పెరిగి ఒక్కో రాక్షసుణ్ణి చంపి ఒక్కో అవయవం తెచ్చుకుంటాడు. 1967 నాటి కథ, 2019లో మళ్ళీ తీశారు. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అభిమానులకూ నేను ఇదే చెబుతాను. లయన్ కింగ్ ఇష్టమా? 1965లో రంగుల్లో వచ్చిన జంగిల్ చక్రవర్తి చూడండి, ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారో మీరే తేల్చుకోండి. డిస్నీవాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. మాన్‌స్టర్ చూసినవాళ్ళకు అందులోని డాక్టరు తెన్మా పేరు ఎక్కడిదో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఆ ఉరసావా నవొకి ఆటమ్ కథలోని ఒక ఘట్టాన్నే ప్లూటోగా మళ్ళీ చెప్పాడు. 2023లో సీరియల్‌గా వచ్చింది.

ఇక బుద్ధ. 1972 నుంచి 1983 దాకా గీశాడు. ఇందులో సిద్ధార్థుడికన్నా ముందు మనకు ఎదురయ్యేది చప్రా అనే బానిస కుర్రాడు. పుట్టుక దాచి కోసల సేనాపతికి పెంపుడు కొడుకవుతాడు. తల్లి బయటపడిననాడు ఏం చెయ్యాలి? కర్ణుడు గుర్తుకు రాకమానడు. 2011లో వచ్చిన సినిమాలో ఈ మొదటి భాగమే ఉంది. హుస్సేన్‌సాగర్ మధ్య 1992 నుంచి బుద్ధుడు నిలబడి ఉన్న ఊరివాళ్ళం, నాగార్జునకొండకు పిక్నిక్ వెళ్ళేవాళ్ళం, చూడకపోతే ఎలా!

1973లో తెజుకా స్థాపించిన ముషి ప్రొడక్షన్ దివాలా తీసింది. రెండేళ్ళ ముందే ఆయన దాని అధ్యక్ష పదవి వదిలినా అప్పులు ఆయన్ని వదల్లేదు. పాఠకులు కూడా కొత్త తరం కటువైన కథల వైపు మళ్ళారు. ఇతని పని అయిపోయిందన్నారు. అదే నవంబరులో ఒక వారపత్రికలో బ్లాక్ జాక్ మొదలైంది. లైసెన్సు లేని శస్త్రవైద్యుడు. కోట్లు అడుగుతాడు, ఒక్కోసారి ఏమీ తీసుకోడు. ఎప్పుడో వదిలేసిన వైద్యం చివరికి అన్నం పెట్టింది. చిన్న చిన్న కథలు కనక పరీక్షల ముందు కూడా ఒకటి చదివి మూసెయ్యవచ్చు. మూసెయ్యగలిగితే!

చివరి రోజుల్లో కడుపులో క్యాన్సరు. అప్పటి ఆచారం ప్రకారం ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. డాక్టరు చదువు చదివినవాడికి తెలియకుండా ఉంటుందా? ఆసుపత్రి మంచం మీద కూడా గీస్తూనే ఉన్నాడు. 1989 ఫిబ్రవరి 9న అరవయ్యో ఏట పోయాడు. అప్పటికి గీసిన పేజీలు లక్షన్నర. జీవితకాలపు కృషి అనుకున్న ఫీనిక్స్ మాత్రం పూర్తికాలేదు. ఒక భాగం గతంలో, ఒక భాగం భవిష్యత్తులో నడుస్తూ, రెండూ దగ్గరై వర్తమానంలో కలవాలని ఆయన సంకల్పం. ఆ కలిసే భాగం గీయకుండానే వెళ్ళిపోయాడు.