అంకెల త్రాసుకు అందని ఆటగాడు: కర్నల్ సి.కె. నాయుడు

క్రీడాకారుని ఘనతను అంకెలతో తూచుట లోకంలో పరిపాటి. ఆ త్రాసులో పెట్టి చూచినచో కర్నల్ సి.కె. నాయుడు అంతగా తూగరు. ఆయన ఆడిన టెస్టు మ్యాచులు 7. చేసిన పరుగులు 350. సెంచరీ ఒక్కటైనా లేదు. అయినను భారతీయ క్రికెట్ చరిత్రను ఎవరు వ్రాసినా మొదటి అధ్యాయంలో ఆయనకే అగ్రస్థానం. ఈ వైరుధ్యానికి కారణం తెలియవలెనన్నచో ఆయన జీవితాన్ని మొదటినుండి చూడవలె.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించినారు. వారి వంశానికి మూలస్థానం మచిలీపట్నం. తాతగారు నారాయణస్వామి నాయుడు నాగపూరులో న్యాయవాదిగా స్థిరపడి, కాంగ్రెసు మహాసభ తొలినాళ్ళలో అందులో చేరినవారు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదివివచ్చిన న్యాయవేత్త. విద్యతోపాటు క్రీడాభిరుచి కూడ ఆ యింట నెలకొన్నది. తమ్ముడు సి.ఎస్. నాయుడు సైతం కాలక్రమాన భారతజట్టులో స్థానం సంపాదించినారు.

ఆ రోజులలో బొంబాయిలో హిందువులు, మహమ్మదీయులు, పారశీకులు, ఐరోపీయులు వేర్వేరు జట్లుగా పోటీపడేవారు. 1916లో హిందూజట్టు తరఫున ఐరోపీయులపై నాయుడు రంగప్రవేశం చేసినారు. ఆయన బ్యాటు చేతబట్టి వచ్చునప్పటికి 79 పరుగులకు 7 వికెట్లు కూలినవి. ఇరువదేండ్ల ఆ యువకుడు మూడు బంతులను జాగ్రత్తగా ఆపి, నాలుగవదానిని సిక్సరుగా కొట్టినాడు. ముందు గమనించుట, పిమ్మట సంకోచింపక కొట్టుట. ఈ పద్ధతినే ఆయన జీవితాంతం పాటించినారు.

ఆరడుగులు మించిన నిటారైన విగ్రహం, పొడవైన చేతులు, చురుకైన పాదాలు ఆయనకు సహజసంపదలు. బౌలరు చక్కని నిడివిలో వేసిన బంతికి సాధారణ ఆటగాడు వెనుకంజ వేయును. నాయుడు ముందుకు సాగి, బంతి నేలను తాకి పైకి లేచీ లేవకముందే అందుకొని బౌలరు తల మీదుగా తరలించేవారు. అడుగు ముందుకు వేయుటతో మంచి బంతి సైతం కొట్టదగిన బంతిగా మారును. చూచువారికి సాహసంగా తోచిన ఆ ఆట వెనుక ఇంతటి లెక్క ఉండినది.

ఆ లెక్క లోకానికి వెల్లడియైన దినం 1926 డిసెంబరు 1. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఇంగ్లండు ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో నాయుడు రెండు గంటలలోపే 153 పరుగులు చేసినారు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు. అతిథులు ముగ్ధులై ఆయనకు వెండి బ్యాటును బహూకరించినారు. భారతీయులు టెస్టు క్రికెట్టుకు తగినవారన్న విశ్వాసం ఆ దినాన బలపడినది. రెండేండ్లకు, 1928లో, భారత క్రికెట్ నియంత్రణ మండలి అవతరించినది.

1932లో భారతజట్టు ఇంగ్లండు వెళ్ళినది. జట్టుకు పోరుబందరు మహారాజు నాయకుడు, లింబ్డీ రాజవంశీయుడు ఉపనాయకుడు. నాయకత్వం సంస్థానాధీశుల హక్కుగా చెల్లుతున్న కాలమది. అయితే జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు ప్రప్రథమ టెస్టు మొదలైనప్పుడు వారిద్దరూ ఆడలేదు. నాయకత్వం నాయుడుకు దక్కినది. అప్పటికి ఆయన వయస్సు 36. తొలి గంటలోనే ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు కోల్పోయినది. క్షేత్రరక్షణలో చేతికి గాయమైనను నాయుడు మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసినారు. అందులో మన జట్టుకు అదే అత్యధికం. మ్యాచిలో 158 పరుగుల తేడాతో ఓటమి కలిగినను పరాభవం కలుగలేదు. ఆ పర్యటనలో ఆయన మొత్తం 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసినారు. బర్మింగ్‌హాంలో ఆయన కొట్టిన బంతి ఒకటి మైదానం ప్రక్కనున్న రే నదిని దాటి పొరుగు కౌంటీలో పడినదని నేటికీ చెప్పుకొంటారు. విజ్డెన్ వార్షిక సంచిక 1933లో ఆయనను అయిదుగురు ఉత్తమ క్రీడాకారులలో ఒకరిగా ఎన్నుకొన్నది.

1933-34లో జార్డిన్ జట్టు వచ్చినప్పుడు కూడ నాయుడే నాయకుడు. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్‌తో కలిసి 186 పరుగులు జోడించి, భారతదేశపు తొలి టెస్టు సెంచరీకి ఆయన అండగా నిలిచినారు. 1936లో నాయకత్వం విజయనగర మహారాజకుమారునికి పోయినది. తెలుగువారైన ఆ ఇరువురి మధ్య పొసగలేదు. జట్టు రెండుగా చీలినది. అయినను ఓవల్ మైదానంలో నలువదేండ్ల నాయుడు వేగవంతమైన బంతి దెబ్బను దేహంపై భరించి 81 పరుగులు చేసినారు. ఆయన టెస్టులలో సాధించిన అత్యధికం అదే. ఆయన చివరి టెస్టూ అదే.

ఆ తరువాతి కృషికి కేంద్రం ఇందూరు. హోల్కారు ప్రభువు ఆహ్వానంపై 1923లోనే ఆయన అక్కడి సైన్యంలో చేరియుండినారు. ఆయన శిక్షణలో హోల్కారు జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచినది. ఆయన క్రమశిక్షణ కఠోరమైనది. ఆ కాఠిన్యం కొందరికి కష్టం కలిగించిన మాట నిజం. కాని ఆ కాఠిన్యానికి ఆయన తన్ను తాను మినహాయించుకొనలేదు. ఆయన చేరదీసిన ముస్తాక్ అలీ విదేశీగడ్డపై టెస్టు సెంచరీ చేసిన తొలి భారతీయుడు. గురువు సైతం 1946లో, యాభైయేండ్లు నిండిన పిమ్మట, బరోడాపై 200 పరుగులు చేసి చూపినారు. 1951-52లో ఫడ్కర్ వేసిన బంతి తగిలి పండ్లు రాలినను వాటిని ప్రక్కకు త్రోసి ఆట కొనసాగించినారు. 1953లో ఆంధ్రరాష్ట్రం అవతరించగా, రంజీ పోటీలలో తొలిసారి దిగిన ఆంధ్రజట్టుకు ఆయనే నాయకుడైనారు. పూర్వుల గడ్డకు అది ఆయన తీర్చిన ఋణం. 1956లో పద్మభూషణ బిరుదు వరించినది. ఆ తరువాత 61వ ఏట ఉత్తరప్రదేశ్ తరఫున 84 పరుగులు చేయుచు వినూ మన్కడ్ బంతులను రెండింటిని సిక్సర్లుగా మలచినారు.

1967 నవంబరు 14న ఇందూరులో ఆయన తుదిశ్వాస విడిచినారు.

భారతదేశానికి టెస్టుహోదా దక్కునప్పటికి ఆయన యౌవనం గడచిపోయినది. ఆ హోదాను సంపాదించుటకు ఖర్చైన యౌవనంలో గణనీయమైన భాగం ఆయనదే. ఆ ఖర్చు టెస్టు లెక్కలలో ఎక్కడా కనిపించదు. 1994 నుండి క్రికెట్ మండలి జీవితకాలపు సేవకు ఒక పురస్కారం ఇచ్చుచున్నది. వేలకొలది టెస్టు పరుగులు చేసినవారు సైతం దానిని శిరసువంచి స్వీకరించుచున్నారు. ఆ పురస్కారానికి ఉన్న పేరు 350 పరుగుల సి.కె. నాయుడుది.